చీపురు బండి డ్రైవరమ్మ

"ఎక్కుతారా, ఎక్కరా?"

ఇదలీనా వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి అరవడం ఇది నాలుగోసారి. ముందు సైకిలు మీద పోతున్నవాడు వెనక్కి తిరగలేదు. పోతున్నాడు అనడం కూడా మర్యాద కోసమే. కాస్త చురుకైన ముసలమ్మ నడిచినా అతన్ని దాటిపోతుంది. ఎడమ చెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపాడు. ఆ మాత్రానికే సైకిలు అటూ ఇటూ తూలింది.

"పడతారు!"

"పడను."

"పడితే ఎత్తాల్సింది నేను!"

"పడినప్పుడు చూద్దాం లెండి డ్రైవరమ్మ గారూ!"

ఇదలీనాకి ఒళ్లు మండింది. మొదటి గేరులో వ్యాను గుర్రుమంటూ మళ్లీ పాకింది. దాని నెత్తిన నిజం చీపురే కట్టి ఉంది. సైకిలు పోటీలో అందరికన్నా వెనక వచ్చే బండి ఇది. ఇక నావల్ల కాదని దిగిపోయినవాళ్లని ఊడ్చుకుపోవడం దీని పని. ఏటా దీన్ని నడిపేది వాళ్ల గాస్పర్ బాబాయి. మొన్న ద్రాక్ష బుట్టలెత్తుతూ నడుం పట్టేసి మంచమెక్కాడు.

"ఏముందే, నాలుగింటికల్లా ఇంట్లో ఉంటావు" అని తాళం చేతిలో పెట్టి మూడు మాటలు చెప్పాడు. చివరి సైకిలుని దాటిపోకూడదు. దిగిపోయినవాడి వీపు మీది నంబరు డ్రైవరే తన చేత్తో ఊడదీయాలి. మిగతాదంతా జడ్జి గారు చూసుకుంటారు.

ఆ జడ్జి గారు సెవెరీనో పక్కసీట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం ఎండుచేప, బంగాళదుంపలు పుష్టిగా తిని, రేసు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గడ్డం గుండెకి ఆనించి గురక పెడుతున్నారు. ఆయన చూసుకుంటున్నది అదీ.

టైము మూడున్నర దాటింది. డౌరో నది ఎక్కడో కింద మెరుస్తోంది. అక్కణ్నుంచి కొండ నెత్తి దాకా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఈ రోడ్డు. ఇంకా ఏడు మెలికలున్నాయని ఇదలీనాకి తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ తిరిగిన దారే. కానీ ఇంత నెమ్మదిగా ఎప్పుడూ రాలేదు. మూడు వారాలుగా కోతలు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, బుట్టలు మోయడం. ఆమె కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి. ఈ సైకిలు వెనక ఇలా పాకుతుంటే నిద్ర ముంచుకొస్తోంది.

ఫోను మోగింది. ఆమె మీట నొక్కింది. వ్యాను నిండా నాన్న జసింతో గొంతు.

"ఎక్కడ చచ్చావే?"

"మూడో మెలిక దగ్గర, నాన్నా."

"ఇంకా మూడో మెలికేనా? గాస్పర్ పడుకోవడంతో అసలే ఒక మనిషి తక్కువ, ఉన్న పద్నాలుగు మందీ ఇక్కడ కాళ్లు కడుక్కుని కూర్చున్నారు! కడిగిన కాళ్లు మట్టిలో పెట్టకూడదని బల్ల మీదికెక్కి కూర్చున్నారు, కోళ్లలాగా!"

"నేనేం చెయ్యను? ముందు ఒకాయన ఉన్నాడు. దాటకూడదు."

"దింపెయ్!"

"దిగడంట."

"అవతల తొట్టిలో ద్రాక్ష వేడెక్కుతోంది. ఆరింటికి మొదలుపెట్టకపోతే ఈ ఏటి పని గోవిందా. తొమ్మిదింటికి కూలీల బస్సు. రేపు వాళ్లు అవతలి గట్టు తోటలకి పోతున్నారు. తెలుసుగా?"

"తెలుసు నాన్నా."

"తెలిసినదానివి, రా మరి!"

ఫోను టక్కున పెట్టేశాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఆ ఇంట్లో ద్రాక్షని మిషను తొక్కదు, మనుషులే తొక్కుతారు. పెద్ద రాతి తొట్టిలో తొడల దాకా ద్రాక్ష, అందులో పదహారు మంది ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని రెండు గంటల పాటు ఒకే అడుగు వేయాలి. ఒక్కరు తడబడితే వరసంతా కూలుతుంది. అందుకని ఒక గొంతు ఎడమ, కుడి అని లెక్క పిలుస్తూ ఉండాలి. ముందు తాతయ్య పిలిచేవాడు. ఆయన పోయాక ఇదలీనా పిలుస్తోంది. నాన్న ఒకసారి పిలిచి చూశాడు. పది నిమిషాల్లో వరసకి వరస రసంలో బోర్లా పడింది. ఆమె లేకపోతే తొట్టి మొదలవదు. ఏడాది చాకిరీ ఆ తొట్టిలో ఉంది. ఆమె ఇక్కడ ఉంది. మధ్యలో ఈ మహానుభావుడు.

వ్యాను అతనికి దగ్గరగా తెచ్చి పక్కనుంచి అడిగింది. "అయ్యా, ఒక్క మాట చెబుతారా? మీరు గెలవరు కదా."

"గెలవను."

"పోనీ ఎనభయ్యో స్థానం వస్తుందా?"

"నా వెనక మీరొక్కరే ఉన్నారు. మీకు పోటీ నంబరు లేదు. కాబట్టి ఆఖరు స్థానం ఖాయం."

"మరెందుకీ అవస్థ? ఇక్కడ సీటుంది, మెత్తగా ఉంది. నీళ్లున్నాయి. పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లు ఎక్కారు. హాయిగా నిద్రపోయి వాళ్ల టీము కారు రాగానే దిగి వెళ్లారు. ఎవరూ నవ్వలేదు."

అతను మాట్లాడటానికి ఊపిరి కూడబెట్టుకుంటున్నాడు. పేరు బెల్మీరో. ముప్ఫై నాలుగేళ్లు. వీపు మీద నూట నాలుగు అని నంబరు, నాలుగు పిన్నీసులతో గుచ్చి ఉంది.

"పన్నెండేళ్లు తొక్కాను" అన్నాడు చివరికి. "నా పని గెలవడం కాదు. గెలిచేవాడికి గాలి తగలకుండా ముందుండటం. వెనక్కిపోయి సీసాలు చొక్కాలో కుక్కుకుని వాళ్లకి నీళ్లు మోయడం. అంతే. కానీ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చీపురు బండి ఎక్కలేదు. జ్వరంలో ఎక్కలేదు. మణికట్టు విరిగినప్పుడు ఎక్కలేదు. నాకని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే."

"ఈసారి ఎక్కితే ఏమైంది? పైఏడు మళ్లీ..."

"పైఏడు లేదు. ఇదే ఆఖరి పోటీ."

ఇదలీనా హారను మీంచి చెయ్యి తీసేసింది. అంతసేపూ తనకి అడ్డంగా ఉన్న సైకిలుగా కనబడినవాడు మనిషైపోయాడు. అది ఆమెకి మరీ చిరాకు కలిగించింది. సైకిలుని తిట్టుకోవచ్చు.

"ఎప్పుడూ ఏమీ గెలవలేదా?"

"ఒకసారి. పంది తొడ."

"ఏంటి?"

"దారిలో ఒక ఊళ్లో గీత ముందుగా దాటినవాడికి పంది తొడ బహుమతి పెట్టారు. ఆ సంగతి అందరూ మర్చిపోయారు. నేను నీళ్ల కోసం వెనకబడి, మళ్లీ ముందుకొచ్చే ఊపులో దాటేశాను. అది పట్టుకుని రైల్లో ఇంటికెళ్లాను. బోగీలో కుక్క ఒకటి పోర్తో దాకా నన్నే చూస్తూ కూర్చుంది."

ఇదలీనాకి నవ్వొచ్చింది. జడ్జి గారు లేస్తారేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేస్తే తన పని సులువవుతుందన్న సంగతి ఆమెకి ఆ క్షణంలో గుర్తురాలేదు.

నాలుగో మెలిక దగ్గర పక్క తోటలో కోత కోస్తున్న ఆడవాళ్లు కత్తెరలు వదిలేసి రోడ్డు మీదికొచ్చారు.

"రా నాయనా, రా! ఆఖరివాడు కూడా మనవాడే!"

"ఇంత సన్నగా ఉన్నాడేమే, వీళ్లకి తిండి పెట్టరా?"

ఇద్దరు చెరో పక్క చేరి అతని నడుం కింద అరచేతులు ఆనించి తోయడం మొదలుపెట్టారు. బెల్మీరో చెవులు ఎర్రబడ్డాయి. "వద్దమ్మా, వద్దు పెద్దమ్మా" అంటూనే ఉన్నాడు, సైకిలు మాత్రం చక్కగా ముందుకి సాగుతోంది.

ఇదలీనా హారను కొట్టింది. "తొయ్యకూడదు! రూలు ఒప్పుకోదు!"

"జడ్జి చూస్తున్నాడా?"

"నిద్రపోతున్నాడు."

"అయితే నువ్వూ కళ్లు మూసుకో!"

వాళ్లలో ఒకావిడ వ్యానుని పోల్చుకుంది. "ఓసి, జసింతో కూతురా? ఏమే ఇదలీనా, మొగుడు దొరక్కపోతే మటుకు ఇలా రోడ్లు పట్టి తరుముతారటే?"

గట్టు గట్టంతా నవ్వులు. ఇదలీనా ముఖం జేవురించింది. అప్పుడు మొదటిసారి బెల్మీరో వెనక్కి తిరిగి చూశాడు.

చెమట ఆరిన చోట ఉప్పు తెల్లగా గీతలు కట్టిన ముఖం. ఎండకి కమిలిన ముక్కు. నవ్వుతున్నాడు గానీ, నవ్వుకి కూడా ఓపిక చాలక పెదవుల దగ్గరే ఆగిపోతోంది. అంత అలసిన ముఖం ఈ మధ్య ఆమె ఒక్క అద్దంలోనే చూసింది. వెంటనే రోడ్డు వైపు చూసి, ఖాళీ రోడ్డు మీద హారను కొట్టింది.

అయిదో మెలికలో వాన మొదలైంది. పెద్దదేమీ కాదు, నాలుగు చినుకులు. అయినా కోతల రోజుల్లో వాన అంటే ఆ ఊళ్లో ఎవరికీ కవిత్వం తోచదు. తడిస్తే కోయని ద్రాక్ష కుళ్లుతుందని ఇదలీనా గట్టు వంక భయంగా చూసింది. బెల్మీరో మాత్రం తల పైకెత్తి, నోరు తెరిచి, చినుకులు పట్టుకుంటున్నాడు.

ఇంతలో వ్యాను రేడియోలో గరగరమని ఎవరో ఏదో చదివారు. బహుమతుల సంగతి. ఇదలీనాకి అనుమానమొచ్చింది. జడ్జి గారి ఒళ్లోంచి రేసు పుస్తకం మెల్లగా లాగి స్టీరింగు మీద పెట్టుకుని చూసింది. రేడియో చెప్పినదాన్ని బట్టి గెలిచినవాడు మూడుంపావుకి వచ్చేశాడు. ఆ తర్వాత ముప్ఫై అయిదు నిమిషాలు దాటి వచ్చినవాణ్ని లెక్కలోకి తీసుకోరు. అంటే మూడూ యాభైకే గడువు ముగిసింది. ఇప్పుడు నాలుగూ పది. గీత ఇంకా పద్నాలుగు కిలోమీటర్లుంది.

అతను రేసులో లేడు. ఇరవై నిమిషాలుగా లేడు. ఊరికే కొండెక్కుతున్నాడు, పాపం.

ఆమె ఒక్క మాట అంటే చాలు. 'గడువు దాటింది బాబూ' అనాలి, జడ్జి గారి భుజం తట్టాలి. అయిదింటికి ముందే ఇంట్లో ఉంటుంది. నాన్న అరుపులుండవు, ద్రాక్ష పాడవదు. ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించింది. ముందు ఆ వీపు ఎడమకీ కుడికీ ఊగుతోంది. తడిసిన నంబరు వీపుకి అంటుకుపోయింది. దాని కింద వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నాకని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే అన్నాడు.

నోరు తెరిచింది.

"నీళ్లు కావాలా?"

అతను పక్కకి చూశాడు. "మీరివ్వకూడదు."

"జడ్జి గారు నిద్రపోతున్నారు."

సీసా అందించింది. అతని వేళ్లు చల్లగా తగిలాయి. గుక్కెడు తాగి, మిగతాది నెత్తిన పోసుకుని, "అడక్కుండా నాకు నీళ్లిచ్చినవాళ్లు లేరు. ఇదే మొదలు" అన్నాడు.

"అంత పొంగిపోకండి. అందరికీ ఇస్తాను."

"ఇవాళ అందరూ అంటే నేనొక్కణ్నే కదా."

"మాటలకి మాత్రం ఓపికుంది!"

"కాళ్లకి లేనిది ఎక్కడో ఒకచోట ఉండాలిగా."

అక్కణ్నుంచి పైదాకా నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో వాళ్లు మాట్లాడుకున్నవి రాయడానికి పెద్దగా ఏమీ లేవు. అతను మోకాలి నొప్పి గురించి చెప్పాడు, ఆమె నడుం నొప్పి గురించి చెప్పింది. అతను హోటలు పరుపుల గురించి, ఆమె తెల్లవారుజాము అలారం గురించి. ఇద్దరు అలసినవాళ్లు కలిస్తే ప్రేమ కబుర్లు ఇలాగే ఉంటాయి కాబోలు. పోర్తోలో రెండేళ్లు ఆఫీసులో పనిచేశాననీ, తాతయ్య పోయినప్పుడు నాలుగు రోజులకని వచ్చి అయిదేళ్లుగా ఉండిపోయాననీ ఆమె చెప్పింది.

"పెళ్లి?" అని అతను అటు చూస్తూ అడిగాడు.

"ఎప్పుడు చేసుకోను? శీతాకాలం కొమ్మలు కత్తిరించాలి. వసంతంలో మందు కొట్టాలి. వేసవిలో కలుపు. ఇప్పుడు కోత. మీకు?"

"నాది తిరుగుడు పని. రెండుసార్లు నిశ్చితార్థం దాకా వచ్చింది. రెండుసార్లూ ఆ రోజుకి రేసు పడింది."

"రేసే నెగ్గిందన్నమాట."

"రేసు కూడా నెగ్గలేదు. అదీ బాధ."

కొండ నెత్తిన చేరేసరికి అయిదు కావొస్తోంది. ఫోను మళ్లీ మోగింది. ఈసారి నాన్న అరవలేదు. అది మరీ ఘోరంగా ఉంది.

"ఇదలీనా, వీళ్లు లేచి చెప్పులేసుకుంటున్నారమ్మా. అయిదుంపావు దాకా చూస్తాం అన్నారు. నువ్వు రాకపోతే పోనీలే. సగం ద్రాక్షయినా సహకార సంఘం వాళ్లకి అమ్ముకుందాం, ఎంతో కొంత వస్తుంది. తాతయ్య పోయాక కూడా ఆగని తొట్టి ఈ ఒక్క ఏడూ ఆగిందనుకుందాం."

"నాన్నా, అలా అనకు. వచ్చేస్తున్నా."

"ఎలా వస్తావు? ముందు అతనున్నాడు కదా."

కిటికీలు తెరిచే ఉన్నాయి. బెల్మీరో తల తిప్పలేదు. ఒకసారి మాత్రం పాదాలు ఆగాయి. తర్వాత హ్యాండిలు మీదికి వంగి దిగుడులోకి జారిపోయాడు. ఆ రోజంతా నత్తలా పాకినవాడు రాయి దొర్లినట్టు దొర్లిపోయాడు. ఇదలీనా వ్యానుని అతని వెనక తోలలేక తోలింది. జడ్జి గారి తల కిటికీకి టకటకా కొట్టుకుంది.

దిగువన రోడ్డు రెండుగా చీలుతుంది. నేరుగా పోతే తొమ్మిది కిలోమీటర్లలో రేసు గీత ఉన్న పట్నం. ఎడమకి తిరిగితే రెండు కిలోమీటర్లలో ఇదలీనా వాళ్ల ఊరు సోయితో. బోర్డు దగ్గర బెల్మీరో బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. ఇదలీనా గాభరాగా బండి ఆపి దిగి పరుగెత్తింది.

"ఏమైంది? కాలు పట్టేసిందా?"

అతను సైకిలు దిగి, ఆమెకి వీపు తిప్పి నిలబడ్డాడు.

"తీసెయ్యండి."

"ఏంటి?"

"నంబరు. డ్రైవరే తీయాలిగా."

"మీకు పిచ్చా? తొమ్మిది కిలోమీటర్లే ఉంది! కొండంతా ఎక్కి ఇప్పుడా?"

"తొమ్మిది కిలోమీటర్లంటే నాకు అరగంట పైన. మీకు పావుగంట కూడా లేదు. మీ నాన్నగారి గొంతు విన్నాను."

"మా గొడవ మీకెందుకు? ఎక్కండి సైకిలు. తొక్కండి." ఆమెకి నిజం చెప్పేయాలనిపించింది. "చూడండి, మీకో సంగతి చెప్పాలి. గడువు..."

"దాటిపోయింది. తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అయిదో మెలికకి ముందే. కింద చర్చి గంట విన్నాను. పన్నెండేళ్ల నుంచి ఆ లెక్కలే కదా నా బతుకు."

"మరి ఇంతసేపూ ఎందుకు తొక్కారు?"

"గడువు దాటినా గీత దాటితే దిగిపోయినవాడి కింద లెక్క కాదు. అదొకటి." అతను సైకిలు సీటు మీది తడి అరచేత్తో తుడిచాడు. "రెండోది, మీరు చెబుతారని చూశాను. మెలిక మెలికకీ చూశాను. చెబితే మీకే లాభం. అయినా చెప్పలేదు. నీళ్లు కావాలా అన్నారు."

ఇదలీనా వేళ్లు మొదటి పిన్నీసు మీదికి వెళ్లి ఆగాయి.

"ఇన్నేళ్లు నేను ఎంతోమంది కోసం ఆగాను" అన్నాడతను. "పంక్చరైనవాడి కోసం ఆగాను, దాహమేసినవాడి కోసం ఆగాను. నాకోసం ఎవరూ ఆగలేదు. ఆగకూడదు కూడా, అది మా పని. ఇవాళ ఒకరు తన ఇల్లు తగలబడుతున్నా ఆగారు. అది చాలు. తీసెయ్యండి, నా మనసు మారకముందే."

ఆమె పిన్నీసులు విప్పడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు. కళ్లలో నీళ్లు తిరిగి మూడోది కనిపించక వేలికి గుచ్చుకుంది. "అమ్మా" అంది. "నెమ్మది" అన్నాడు. నాలుగోది తీసేసరికి అతని భుజాలు ఒక్కసారి కిందికి వాలాయి. పన్నెండేళ్లుగా ఎత్తిపెట్టి ఉంచుకున్న భుజాలవి. వెనకనుంచి చూస్తుంటే ఆమెకి అతన్ని అలాగే పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు, ఎందుకంటే వ్యాను తలుపు తెరుచుకుంది.

"ఎక్కడున్నాం?" అన్నారు సెవెరీనో గారు కళ్లు నులుముకుంటూ.

"సోయితో మలుపు దగ్గర."

ఆయన గడియారం చూసుకున్నారు. పుస్తకం కోసం ఒళ్లు తడుముకున్నారు. అది డ్రైవరు సీటులో పడి ఉండటం చూశారు. ఆ పిల్ల ముఖం చూశారు, ఆ అబ్బాయి ముఖం చూశారు. నలభై ఏళ్లుగా జడ్జీగా ఉన్న మనిషికి అన్నీ అడగాల్సిన పని లేదు.

"దిగిపోయావా అబ్బాయ్?"

"దిగిపోయాను సార్."

"రాసుకున్నాను. పట్నం దాకా నేను తోలుకుపోతాలే. మధ్యాహ్నం నుంచి విశ్రాంతిగానే ఉన్నాను. అమ్మాయ్, ముందు మీ ఇంటికి పోనీ."

బెల్మీరో సైకిలు వెనక పడేసి ముందు సీట్లో, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. సీటు మీద చెయ్యి నొక్కి చూశాడు.

"ఇంత మెత్తగా ఉంటుందా! దీన్నా నేను ఇన్నేళ్లూ వద్దన్నది?"

"చెప్పాను కదా" అంది ఇదలీనా ముక్కు ఎగపీల్చి, గేరు మార్చి.

ఇంటి ముంగిట జసింతో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కూలీలు సగం మంది చెప్పులేసుకుని, సగం మంది వేసుకోకుండా. జడ్జి గారు ఇద్దర్నీ దింపి, సైకిలుతో సహా వ్యానుని పట్నానికి తోలుకుపోయారు.

"వీడెవడు?"

"ముందున్న ఆయన, నాన్నా."

జసింతో అతన్ని కింద నుంచి పైకి ఎగాదిగా చూశాడు. "నువ్వేనా? నీవల్ల నా నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడిపోయాయి!"

"క్షమించండి సార్. ఒక మనిషి తక్కువున్నాడని విన్నాను. నాకు కాళ్లున్నాయి."

"ఉన్నాయా? పొద్దున్నుంచీ తొక్కాక ఇంకా మిగిలాయా?"

అప్పటికే కూలీ ఆడవాళ్లు ఆ కాళ్లు చూసేశారు. సైకిలు తొక్కేవాళ్లందరిలాగే అతనూ కాళ్లు నున్నగా గీయించుకున్నాడు.

"అమ్మమ్మమ్మా, ఒక్క వెంట్రుక లేదే! నాకన్నా నున్నగా ఉన్నాయి!"

"ఈ తొట్టిలోకి ఇంత శుభ్రమైన కాళ్లు ఎప్పుడూ దిగలేదు. జసింతో, ఈ ఏడు నీ వైనుకి బహుమతి ఖాయం!"

ముంగిలంతా నవ్వింది. నవ్వాక ఎవరూ చెప్పులేసుకుని పోరు కదా. చెప్పులు మళ్లీ విడిచారు, కాళ్లు మళ్లీ కడిగారు. ఆరు కాకుండానే పదహారు మందీ తొట్టిలోకి దిగారు. లెక్క పిలిచేది వరస మధ్యలో ఉండాలి. ఇదలీనాకి ఎడమ పక్క బెల్మీరో వచ్చి నిలబడ్డాడు. అతనే వచ్చాడో, ఆ ఆడవాళ్లే తోశారో ఎవరికీ తెలియదు. అతని చెయ్యి ఆమె భుజం మీద పడింది, ఆమె చెయ్యి అతని భుజం మీద.

"ఎడమ... కుడి... ఎడమ... కుడి..."

ద్రాక్ష తొడల దాకా. పాదం దించితే పైన గోరువెచ్చగా, అడుగున చల్లగా. పాదం ఎత్తాలంటే బురదలోంచి పీకినట్టు పీకాలి. పది నిమిషాలకి బెల్మీరోకి ఈ పని ముందు కొండ నయమనిపించింది. అరగంటకి ఏమీ అనిపించలేదు. లెక్క పిలిచే ఆ గొంతు ఒక్కటే వినిపిస్తోంది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. అది ఎడమ అంటే అతని ఎడమ కాలు లేచింది, కుడి అంటే కుడి. పన్నెండేళ్లలో మొదటిసారి అతను ఎవరికీ ముందు లేడు, వెనకా లేడు.

ఇదలీనాకీ నిద్ర, నొప్పి, ఆకలి అన్నీ ఉన్నాయి. ఎడమ భుజం మీద బరువు మాత్రం హాయిగా ఉంది. మధ్యలో అతని మోకాలు రెండుసార్లు మడతపడింది. రెండుసార్లూ ఆమె లెక్క ఆపకుండానే నడుం ఆనించి నిలబెట్టింది. పక్కవాళ్లు చూశారు, చూడనట్టు ముందుకి అడుగేశారు.

రెండు గంటలు పూర్తయ్యాయి. ఇదలీనా ఊపిరి నిండా పీల్చి అరిచింది.

"విడుదల!"

వరస విడిపోయింది. చేతులన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. మూలనుంచి అకార్డియన్ వాద్యం మొదలైంది. ఇక ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తొక్కొచ్చు, ఆడొచ్చు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఆ రసంలోనే గిరగిరా తిరగసాగారు.

బెల్మీరో చెయ్యి మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది.

"చెయ్యి తీయొచ్చు" అంది ఇదలీనా.

"తీస్తే పడిపోతాను."

"అబద్ధం."

"సగమే. మిగతా సగం ఏంటంటే..." అతను ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే నాకిష్టం, ఇదలీనా. పొద్దున నీ పేరు కూడా తెలియదు. ఇంకా చక్కగా చెప్పాల్సిన మాట, తెలుసు. నా దగ్గర ఇంతే ఓపిక ఉంది."

ఆమె అతని వంక చూసింది. ద్రాక్షరసం ముక్కు దాకా ఎగిరి ఉంది. "నేను నాలుగింటికి లేచాను. నాకిప్పుడు సిగ్గుపడే ఓపిక లేదు. నాక్కూడా ఇష్టమే. ఆ చెయ్యి అలాగే ఉంచు."

"ఏయ్!" గట్టు మీద నుంచి జసింతో గొంతు. "ఆడితే ఆడండి, లేకపోతే తొక్కండి. ఊరికే నిలబడటానికి అది చర్చి కాదు!"

ఇద్దరూ కదిలారు. అది ఆటో, నడకో, పడిపోకుండా ఒకరినొకరు ఆపుకోవడమో చూసేవాళ్లు చెప్పలేరు. జసింతో కాసేపు చూసి, తొట్టి అంచు దగ్గరికొచ్చి వంగాడు.

"అబ్బాయ్. తొమ్మిదింటికి వీళ్లంతా పోతున్నారు. పై మెట్ల మీద ఇంకా నాలుగు రోజుల కోతుంది. కాళ్లు చూశాం. చేతులు పనిచేస్తాయా?"

"చేస్తాయి సార్."

"అటక మీద పరుపుంది. రేపు అయిదింటికి తోటలో ఉండాలి."

బెల్మీరో సరేనన్నాడు, కళ్లు మూతలు పడుతుండగా. ఇదలీనా తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది.

"నాన్నా, ఏడింటికి."

జసింతో ముప్ఫై ఏళ్ల కోతల్లో ఎవరికీ పది నిమిషాలు కూడా ఇచ్చిన మనిషి కాదు. భార్య పురిటికి వెళ్లిన రోజున కూడా మధ్యాహ్నానికల్లా బుట్టలు లెక్క చూసుకున్నాడు. కూతురి భుజం మీద ఉన్న చెయ్యి చూశాడు. కూతురి కళ్ల కింద చారలు చూశాడు. టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"ఏడింటికి" అన్నాడు. "ఇద్దరూ."